టెఫ్లాన్ వద్దు.. పుత్లీబౌలి పోదాం!

"సార్, ఈసారి టెఫ్లాన్ కోటింగ్ కూడా యాడ్ చేసేశా" అన్నాడు సర్వీస్ అడ్వైజర్ నవ్వుతూ. నేను అడగలేదు. ఆయన కూడా నన్ను అడగలేదు. ట్యాబ్ మీద వేలితో ఒక టిక్కు కొట్టాడు, అంతే. ఆరొందలు.

అది హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్. పేరు చెప్పను. బండి ఏ కంపెనీదో కూడా చెప్పను. చెబితే చదివేవాళ్లలో సగంమంది అటు, సగంమంది ఇటు చేరి కొట్టుకుంటారు, అసలు సంగతి పక్కకి పోతుంది. 350 సీసీ, ఒక సిలిండర్, 20,000 కిలోమీటర్లు తిరిగింది, వారంటీ అయిపోయి నాలుగు నెలలు. ఈ కథకి ఇంత తెలిస్తే చాలు.

ఎస్టిమేట్ ప్రింట్ తీసి ఇచ్చాడు. ఇంజిన్ ఆయిల్ 1,180. ఆయిల్ ఫిల్టర్ 140. ఎయిర్ ఫిల్టర్ 420. ముందు బ్రేక్ ప్యాడ్లు 790. ఇంతవరకు సరే, ఇవి వస్తువులు. ఆ కింద లేబర్ మొదలైంది. జనరల్ సర్వీస్ 750, బ్రేక్ ప్యాడ్ బిగింపు 200, చైన్ క్లీనింగ్ 150, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 350, ఇంజిన్ ఫ్లష్ 250, టెఫ్లాన్ 600, కన్స్యూమబుల్స్ 120. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం రూ. 5,386.

కన్స్యూమబుల్స్ అంటే ఏంటని అడిగాను. "అంటే సార్, గుడ్డలు, గ్రీజు, అలాంటివి" అన్నాడు. నా బండి తుడిచిన గుడ్డ ఖర్చు కూడా నాదే. పోనీ అనుకుందాం.

ఇక్కడ ఒక పాత గాయం ఉంది. అంతకుముందు సర్వీసులో ఎయిర్ ఫిల్టర్ మార్చామని బిల్లు వేశారు. ఇంటికొచ్చాక ఊరికే, అంటే నిజంగా ఊరికే, యూట్యూబ్‌లో ఏదో చూస్తూ ఆ మూత ఎక్కడుంటుందో చూద్దామని వంగాను. మూతకి నాలుగు స్క్రూలు. నాలుగింటి గుంటల్లోనూ ఎర్రమట్టి గట్టిపడి ఉంది. అంతకు రెండు నెలల ముందు మేం శ్రీశైలం వెళ్లొచ్చినప్పటి మట్టి. స్క్రూడ్రైవర్ తగిలి ఉంటే ఆ మట్టి అక్కడ ఉండదు కదా! తీసి చూస్తే లోపల పాత ఫిల్టరే, బూడిద రంగులో. మళ్లీ వెళ్లి చూపిస్తే, న్యాయంగా చెప్పాలంటే, వాళ్లు గొడవ పెట్టుకోలేదు. "మిస్ అయింది సార్, సారీ" అని అక్కడికక్కడే మార్చి ఇచ్చారు. కానీ ఆ రోజు నుంచి నాకు బిల్లులో ప్రతి లైనూ ఒక స్క్రూ గుంటలా కనిపించడం మొదలైంది.

అందుకే ఈసారి ఎస్టిమేట్ మడిచి జేబులో పెట్టుకున్నా. "సార్, బండి లోపల పెట్టించమంటారా?" అన్నాడు. "వద్దులెండి, మళ్లీ వస్తా" అని హెల్మెట్ పెట్టుకున్నా. బయటికొస్తుంటే ఏదో పరీక్ష హాల్లోంచి ఆన్సర్ షీట్ ఇవ్వకుండా లేచి వచ్చేసినట్టనిపించింది.

---

మా నాన్నకి ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట: "పుత్లీబౌలి పోరా." ఆయన సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా ఒకే స్ప్లెండర్ నడుపుతున్నారు. షోరూమ్ గుమ్మం తొక్కింది ఫ్రీ సర్వీసులు ఉన్నన్నాళ్లే. హైదరాబాద్ ఏ పనిమీద వచ్చినా బస్సు దిగి కోఠి దాకా వెళ్లి, మా ఊరి మెకానిక్ రాసిచ్చిన చీటీ చూపించి సామాన్లు తెచ్చేవారు. చిన్నప్పుడు ఆ సంచిలో నాకేమైనా ఉందేమోనని వెతికితే క్లచ్ కేబుల్ దొరికేది.

శనివారం మియాపూర్‌లో మెట్రో ఎక్కాను. ఎల్బీ నగర్ వైపు వెళ్లే ఆ రెడ్ లైన్‌లో నాంపల్లి, గాంధీభవన్ దాటాక వచ్చేది ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్. అక్కడ దిగి మెట్లు దిగితే కోఠి రద్దీలో పడతాం, పుత్లీబౌలి అక్కడే. పుత్లీ అంటే బొమ్మ, బౌలి అంటే మెట్ల బావి. నాకు బొమ్మా కనపడలేదు, బావీ కనపడలేదు. కనపడిందల్లా షాపుల ముందు దండల్లా వేలాడుతున్న క్లచ్ కేబుళ్లు, గుత్తులు గుత్తులుగా సైడ్ మిర్రర్లు, ఒకదాని మీద ఒకటి పేర్చిన సైలెన్సర్లు, చైన్ స్ప్రాకెట్ డబ్బాలు. ఫుట్‌పాత్ మీద సగం షాపు, రోడ్డు మీద సగం ఫుట్‌పాత్.

కోఠి అంటే మన తరానికి సెకండ్ హ్యాండ్ ఇంజినీరింగ్ పుస్తకాలు. నేనూ బీటెక్‌లో ప్రతి సెమిస్టర్‌కి వచ్చినవాణ్నే. బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్న చోటు కాబట్టి కోఠి అని పేరు. ఆ రెసిడెన్సీ భవనంలోనే తర్వాత మహిళా కాలేజీ వచ్చింది. పక్కనే ట్రూప్ బజార్, అక్కడ ఎలక్ట్రికల్, శానిటరీ సామాన్లు. ఈ పేటలో ఒక్కో గల్లీకి ఒక్కో చదువు. నాలుగేళ్లు ఇటు తిరిగి కూడా పుస్తకాల గల్లీ నుంచి బండ్ల గల్లీకి ఎప్పుడూ రాలేదు. "ఐసీ ఇంజిన్స్" సబ్జెక్ట్ గురించి మెకానికల్ ఫ్రెండ్స్ చెప్తుంటే విన్నాను తప్ప నా బండిలో ఆయిల్ డ్రెయిన్ బోల్ట్ ఎక్కడుంటుందో ఇరవై ఎనిమిదేళ్లకి గానీ తెలుసుకోలేదు.

మొదటి షాపులో నన్ను ఎవరూ పట్టించుకోలేదు. కౌంటర్ దగ్గర పదిమంది ఉన్నారు, అందరూ మెకానిక్ షాపుల కుర్రాళ్లే. ఒక్కొక్కడి చేతిలో ఒక పాత ముక్క. ఎవరూ పార్ట్ నంబర్ చెప్పట్లేదు. ముక్క కౌంటర్ మీద పెడుతున్నారు. లోపలున్నాయన దాన్ని ఒకసారి తిప్పి చూసి, వెనక్కి తిరక్కుండానే "ఊపర్ సే తీస్రా" అని అరుస్తున్నాడు, నిచ్చెన మీదున్న కుర్రాడు డబ్బా కిందికి విసురుతున్నాడు, ఆయన పట్టుకుంటున్నాడు. మా ఆఫీసులో ఒక డేటాబేస్ సెర్చ్ ఇంత వేగంగా రాదు.

నా వంతు వచ్చింది. నేను ఫోన్‌లో లిస్ట్ చూపించాను.

"పాత ముక్క ఏది?"

"తేలేదన్నా."

"ఏ సాల్ బండి?"

చెప్పాను. ఆయన నన్ను, నా చేతిలో ఫోన్‌ని, ఆఫీస్ బ్యాగ్‌ని ఒకసారి చూశాడు. "నువ్వే చేస్కుంటవా?" అన్నాడు. వెటకారం లేదు, వివరం కోసమే. అవునన్నా.

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ ముందుపెట్టాడు. డ్రెయిన్ బోల్ట్‌కి కొత్త వాషర్ కూడా పెట్టాడు. నేను లిస్ట్‌లో రాయలేదు. "పాత వాచర్ తోని బిగిస్తే కారుతది. పది రూపాయలు, పెట్టుకో" అన్నాడు. పది రూపాయల వాషర్ కోసం ఎవరూ మోసం చేయరు కాబట్టి, అక్కడే ఆయన్ని నమ్మేశాను.

బ్రేక్ ప్యాడ్ల దగ్గర మూడు డబ్బాలు తీశాడు. ఒకటి కంపెనీది, ధర 720. రెండోది కంపెనీలకి సామాను తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీ తన సొంత పేరుతో అమ్మేది, 480. మూడోది అచ్చం కంపెనీ డబ్బాలాగే ఉంది, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా. 190. నేను మధ్యదాని వైపు చూస్తున్నా. ఎంతైనా మధ్యతరగతి కదా, మూడు ఉంటే చెయ్యి మధ్యకే పోతుంది.

"నీది కొత్త చెయ్యి, కంపెనీదే తీస్కో" అన్నాడు. మరి ఆ 190ది ఎందుకు పెట్టారని అడిగా. "అడుగుతరు. ఇయ్యకపోతే పక్క షాపుకు పోతరు." అని, నేను మిర్రర్ కూడా కావాలంటే మాత్రం కంపెనీది వద్దన్నాడు. "అద్దం లోకల్ చలేగా. బ్రేక్ నహీ చలేగా."

120 పెట్టి లోకల్ మిర్రర్ తీసుకున్నా. అది మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ధరల సంగతి. అక్కడ సగానికి సగం చవక అని మనవాళ్లు చెప్పుకుంటారు గానీ కంపెనీ సామానుకి అలా ఏం ఉండదు. డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది, దాంట్లో ఐదో పదో శాతం తగ్గిస్తారు. ఆయిల్ 1,080, ఆయిల్ ఫిల్టర్ 125, ఎయిర్ ఫిల్టర్ 385, ప్యాడ్లు 720, వాషర్ 10. మిర్రర్ కాకుండా 2,320. అవే వస్తువులకి షోరూమ్‌లో వాషర్ లేకుండా 2,530. తేడా రెండొందల చిల్లర. మెట్రో టికెట్లు, ఒక ప్లేట్ మిర్చి, ఇరానీ చాయ్ పోను ఇంకెంత మిగులుతుంది! 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ తగ్గింపు షోరూమ్‌లోనూ ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. అంటే పుత్లీబౌలికి రావడం వల్ల దొరికేది చవక కాదు. ఏ డబ్బా ఎందుకు ఏ ధరకి ఉందో ఎదురుగా నిలబెట్టి చెప్పే మనిషి. షోరూమ్‌లో ఆ మూడు డబ్బాలూ మనకి ఎప్పుడూ కలిపి కనపడవు.

ఇలా బయట షాపుల్లో కంపెనీ సామాను దొరకడం కూడా అన్ని బండ్ల విషయంలో తేలిక కాదు. కార్ల సంగతి తీసుకుంటే, విడిభాగాలు బహిరంగ మార్కెట్లోకి రానివ్వట్లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి 2,500 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' అని ఒక పోర్టల్ పెట్టింది, వాహనాలు కూడా దాని కిందికి వస్తాయి. పుత్లీబౌలిలో ఆ పేరు ఎవరి నోటా వినలేదు. వాళ్లు ఆ హక్కుని చాలా ఏళ్లుగా నిచ్చెన మీంచి కిందికి విసురుతున్నారు, అంతే.

వాడేసిన బండ్ల ముక్కలు కావాలంటే గోషామహల్ వైపు పోవాలని చెప్పారు. నాకు వాటితో పని లేదు. టూల్స్ కోసం మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్‌కి పోయాను. మోటార్లు, పంపులు, బేరింగులు, నట్లు, బోల్టులు, ఇనుప సామాను ఏది కావాలన్నా ఆ రోడ్డే. నిజం చెప్తున్నా, జీతం వచ్చిన మొదటి వారంలో సాఫ్ట్‌వేర్ వాణ్ని రాణిగంజ్‌లో వదలకూడదు. సాకెట్ సెట్ 1,450. టార్క్ రెంచ్ 2,200. వెనక చక్రం పైకి లేపే స్టాండ్ 1,300. ఆయిల్ పట్టే ట్రే 200. మొత్తం 5,150. చైన్ క్లీనర్, చైన్ స్ప్రే డబ్బాలు మరో 650.

టార్క్ రెంచ్ అంటే తెలియనివాళ్లకి: బోల్ట్ ఎంత బిగించాలో అంకె పెట్టుకుంటే, అంత బిగువు రాగానే 'టక్' మని చెప్పే పానా. ఆ చప్పుడు కోసమే కొన్నానని ఇప్పుడు అర్థమవుతోంది.

---

ఆదివారం పొద్దున. నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్. ఇంజిన్ ఐదు నిమిషాలు ఆన్ చేసి, ఆయిల్ వేడయ్యాక ఆపి, కింద ట్రే పెట్టి డ్రెయిన్ బోల్ట్ విప్పాను. నల్లటి ఆయిల్ తాడులా దిగింది. ఆ క్షణం చాలా బాగుంటుంది, దాన్ని డబ్బుతో లెక్కపెట్టలేం. కొత్త వాషర్, బోల్ట్, టక్. ఫిల్టర్. కొత్త ఆయిల్. ఎయిర్ ఫిల్టర్ మూత, ఈసారి నాలుగు స్క్రూలూ నేనే తుడిచి బిగించా. చైన్ క్లీనర్ కొట్టి బ్రష్‌తో రుద్ది, మాన్యువల్లో రాసినంత వదులు ఉందో లేదో స్కేలు పెట్టి కొలిచి, స్ప్రే కొట్టా. రెండు గంటలు. షోరూమ్‌లో నా బండి మీద ఎవరైనా రెండు గంటలు కూర్చుంటారా? గర్వం తలకెక్కింది.

వాచ్‌మన్ కూతురు, రెండో తరగతి, తన చిన్న సైకిల్ ఆపి చూస్తూ కూర్చుంది. "అంకుల్, ఇది ఏంటిది? అది ఏంటిది?" అని అడుగుతోంది. నేను కూడా ఏదో ప్రొఫెసర్‌లా చెప్తున్నా.

తర్వాత ముందు బ్రేక్ ప్యాడ్లు. క్యాలిపర్ విప్పి పాతవి తీశాను. పాతవి అరిగి సన్నగా అయ్యాయి, కొత్తవి మందంగా ఉంటాయి కదా, వాటికి చోటు కావాలంటే లోపలున్న పిస్టన్లని వెనక్కి నొక్కాలి. నొక్కాను. కొత్త ప్యాడ్లు పెట్టి, క్యాలిపర్ మళ్లీ బిగించి, టక్, టక్. వీడియోలో చూసినట్టే. ఆ వీడియోని నేను 1.5 స్పీడ్‌లో చూశాను, చివరి నిమిషం చూడలేదు. సబ్‌స్క్రైబ్ చేయమంటాడనుకున్నా.

బండి స్టార్ట్ చేసి ర్యాంప్ ఎక్కి గేటు దాకా వెళ్లాను. ఎక్కేటప్పుడు బ్రేక్‌తో పనేముంది? గేటు దగ్గర తిప్పుకుని మళ్లీ ర్యాంప్ దిగుతున్నా. సగంలో ముందు బ్రేక్ పట్టాను.

లివర్ వచ్చి గ్రిప్‌కి ఆనింది. ఏమీ లేదు. గాలిని పట్టుకున్నట్టుంది.

ర్యాంప్ అయిపోయే చోట ఆ పాప సైకిల్ మీద ఉంది. నా వైపే చూస్తోంది.

కాలితో వెనక బ్రేక్ మీద ఒక్కసారి నిలబడ్డాను. సెల్లార్ దుమ్ములో వెనక చక్రం జారింది, బండి పక్కకి తిరిగింది, నేనూ బండీ కలిసి ఎడమ వైపు పిల్లర్‌కి కొట్టుకుని పడ్డాం. పాపకీ మాకూ మధ్య ఎంత ఉందో నేను తర్వాత టైల్స్ లెక్కపెట్టాను. నాలుగు టైల్స్. వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి ముందు నన్నే లేపాడు, "దెబ్బ తగిలిందా సార్?" అని. అప్పటికి ఆయనకి ఏం జరిగిందో తెలీదు. పాప ఏడవలేదు. "అంకుల్, బ్రేక్ మర్చిపోయినవా?" అంది.

మోచెయ్యి చీరుకుపోయింది. క్లచ్ లివర్ విరిగింది. 120 రూపాయల లోకల్ మిర్రర్ ముక్కలైంది. ఇవేవీ లెక్కలోకి రావు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

---

మా వీధి చివర ఒక మెకానిక్ అన్న ఉన్నాడు. రేకుల షెడ్డు, పైన బోర్డు కూడా లేదు. అప్పటిదాకా పంక్చర్‌కి తప్ప ఎప్పుడూ పోలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే సెల్లార్‌కే వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, క్యాలిపర్ చూసి, ముందు బ్రేక్ లివర్‌ని పట్టుకుని వరసగా ఏడెనిమిది సార్లు నొక్కాడు. తొమ్మిదోసారికి లివర్ రాయిలా గట్టిపడింది.

"గిదే. ప్యాడ్ ఏసినంక లివర్ కొట్టలేదు నువ్వు."

అంతే సంగతి. పిస్టన్లని వెనక్కి నొక్కినప్పుడు ప్యాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. లివర్ కొన్నిసార్లు కొడితే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లని ఆనుకుంటాయి. అప్పుడే బ్రేక్ ఉన్నట్టు. అది వీడియోలో చివరి నిమిషంలో ఉంది, తర్వాత చూశాను. చేతికి పది సెకన్ల పని. నేను ఆఫీసులో టెస్ట్ చేయకుండా కోడ్ ప్రొడక్షన్‌లో పెట్టేవాళ్ల మీద రోజూ అరుస్తుంటాను.

ఆయన క్యాలిపర్ విప్పి మళ్లీ చూశాడు. ప్యాడ్లు సరిగ్గానే కూర్చున్నాయట, బిగింపు సరిగ్గానే ఉందట. బ్రేక్ ఆయిల్ డబ్బా అద్దంలోంచి చూసి, రంగు మారింది, ఇది కూడా మార్చాలన్నాడు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చమని చాలా మాన్యువళ్లలో ఉంటుంది. నాది మూడేళ్లు దాటింది. షోరూమ్ ఎస్టిమేట్‌లో టెఫ్లాన్ ఉంది, ఇది లేదు. నా లిస్ట్‌లోనూ లేదు.

ఆయన ఒక షోరూమ్‌లో ఆరేళ్లు చేసి వచ్చినవాడే. అక్కడ ఎలా ఉంటుందని అడిగాను. "ఆడ పోరగాళ్లు మంచిగనే చేస్తరు అన్నా. పొద్దుగాల వచ్చిన బండ్లు సాయంత్రానికి పోవాలె, గంత మందిమి ఉండం. గట్ల ఒక్కోటి తప్పుతది. కానీ బ్రేక్ మీద చెయ్యి పడిందంటే లివర్ కొట్టకుండ ఎవ్వడూ లేవడు. నిద్రలో కూడ చెయ్యి దానంతట అదే కొడతది." కొత్త ప్యాడ్ వేశాక బండి ఎక్కకుండా, పక్కన నిలబడి రెండడుగులు తోసి బ్రేక్ పట్టి చూడాలని, తర్వాత కూడా మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా పోవాలని, కొత్త ప్యాడ్లు డిస్క్‌కి అలవాటు పడాలని నాతోనే రెండుసార్లు చేయించి చూపించాడు. బ్రేక్ ఆయిల్‌తో కలిపి 350 తీసుకున్నాడు. క్లచ్ లివర్ వేరే.

ఎస్టిమేట్‌లో "బ్రేక్ ప్యాడ్ బిగింపు 200" అని చూసి, రెండు బోల్టులకి రెండొందలా అని నవ్వుకున్నాను నేను.

---

ఆ రాత్రి నిద్ర పట్టక ఎక్సెల్ తెరిచాను. ఇంజినీర్ బాధ ఇలాగే వెళ్లగక్కుతాడు.

షోరూమ్ ఎస్టిమేట్ 5,386. నా ఖర్చు: సామాన్లు 2,320, డబ్బాలు 650, టూల్స్ 5,150. మొత్తం 8,120. అంటే "సొంతంగా చేసుకుని డబ్బు మిగిల్చిన" మొదటి సర్వీసులో నాకు రూ. 2,734 ఎక్కువైంది. మెకానిక్ అన్నకి ఇచ్చింది, లివర్, మిర్రర్ వదిలేయండి.

టూల్స్ మళ్లీ మళ్లీ వాడతాం కదా, వాటిని పక్కన పెట్టి చూద్దాం. 2,970. షోరూమ్ కంటే 2,416 తక్కువ. భలే! అని అనుకునేలోపు ఇంకో కాలమ్ వేశాను. ఎస్టిమేట్‌లోంచి టెఫ్లాన్, ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ, కన్స్యూమబుల్స్ తీసేస్తే? నా మాన్యువల్లో ఫ్లష్ అనే మాటే లేదు. బండి ఐడిలింగ్ బాగానే ఉంది, థ్రాటిల్ బాడీతో పని లేదు. టెఫ్లాన్ సంగతి మనకి తెలిసిందే, రెండు వానలకి పోయే మెరుపు. ఆ నాలుగూ కలిపి జీఎస్టీతో 1,558. అవి తీసేస్తే షోరూమ్ బిల్లు 3,828.

అంటే నాకు మిగిలిన 2,416లో 1,558 పానా పట్టుకోవడం వల్ల మిగల్లేదు. కౌంటర్ దగ్గర "వద్దండీ" అని ఉంటే అక్కడే మిగిలేది. పానా వల్ల మిగిలింది 858. చైన్ డబ్బాలు నాలుగుసార్లకి వస్తాయనుకుంటే సర్వీసుకి 1,345 దాకా లాగొచ్చు. ఆ లెక్కన టూల్స్ డబ్బు తిరిగి రావాలంటే నాలుగు సర్వీసులు, నాకైతే రెండేళ్లు.

మరి "వద్దండీ" అని ఎందుకు అనలేకపోయాను? తెలీదు కాబట్టి. ఫ్లష్ అంటే ఏంటో తెలీనప్పుడు 'ఇంజిన్‌కి మంచిది సార్' అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ ధైర్యం నాకు సెల్లార్‌లో ఆయిల్ తాడులా దిగుతున్నప్పుడు వచ్చింది. దాని ఖరీదు ఎక్సెల్‌లో ఏ గడిలో రాయాలో తెలీలేదు. ఆ నాలుగు టైల్స్‌ని ఏ గడిలో రాయాలో అసలే తెలీలేదు. ఫైల్ సేవ్ చేయకుండానే మూసేశాను.

వారంటీ ఉన్నవాళ్లకి ఒక మాట: మీరు ఈ లెక్కలేవీ వేయకండి. వారంటీ పుస్తకంలో సర్వీసు ఎక్కడ చేయించాలని రాసుందో చదివి అలాగే చేయండి. కౌంటర్ దగ్గర మాత్రం ఎస్టిమేట్‌లో ప్రతి లైనూ చదివి, 'ఇది మాన్యువల్లో ఉందా?' అని అడగండి. ఆ ప్రశ్నకి డబ్బులు పడవు.

---

మిగిలింది పాత ఆయిల్. రెండు లీటర్లకి పైన, డబ్బాల్లో పోసి సెల్లార్ మూల పెట్టాను. డ్రైనేజీలో పోసేయమని పక్క ఫ్లాట్ ఆయన సలహా ఇచ్చాడు. మా అపార్ట్‌మెంట్ వెనక నాలా ఉంది, వాన పడితే అది ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. షోరూమ్‌లో ఇస్తే ఈ బాధ మనకి కనపడదు.

మెకానిక్ అన్న దగ్గర ఒక డ్రమ్ము ఉంది. నిండాక ఎవరో వచ్చి కొనుక్కుపోతారట. స్లాబ్ వేసేటప్పుడు సెంట్రింగ్ రేకులకి పూయడానికి మేస్త్రీలు కూడా అడిగి పట్టుకుపోతారట. ఆరు నెలల తర్వాత మళ్లీ ఆయిల్ మార్చినప్పుడు డబ్బాలు పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లాను. డ్రమ్ములో పోస్తుంటే ఆయన వేలితో కొంచెం తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, ఎండలో చూశాడు. ఇనుప రజను ఏం లేదు, ఇంజిన్ మంచిగుందన్నాడు.

"డ్రెయిన్ బోల్ట్ ఎక్కువ బిగియ్యలే గదా? మరలు పోతే లేత్ కాడికి పోవాలె మల్ల."

"లేదన్నా, టార్క్ రెంచ్ ఉంది."

"బ్రేక్ ముట్టుకున్నవా?"

"లేదన్నా. వెనక ప్యాడ్లు అరిగినయ్. పుత్లీబౌలిలో కంపెనీవే తెచ్చిన. ఇగో" అని డబ్బా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన డబ్బా మీద స్పెల్లింగ్ చదివి, స్టూలు ముందుకు జరుపుకున్నాడు. నేను పక్కన నిలబడి చూస్తున్నా. ప్యాడ్లు వేసి, బోల్టులు బిగించాక, మాట్లాడుతూనే, చెయ్యి దానంతట అదే పోయి వెనక బ్రేక్ పెడల్ కొట్టడం మొదలుపెట్టింది. లెక్కపెట్టాను. తొమ్మిది.